ఏసీ షెడ్డులో పసిడి పల్లకి

పురుడు పోసుకున్న తల్లినీ, పొత్తిళ్ళలో బిడ్డనీ ఆసుపత్రి నుంచి ఇంటి గుమ్మం దాకా చల్లగా చేర్చడానికి గుండ్లవాగు ప్రభుత్వాసుపత్రికి ఒక వ్యాను ఇచ్చారు. దాని పేరు పసిడి పల్లకి. పేరు పెట్టిన పెద్దలెవరూ అందులో ఎక్కి చూసిన పాపాన పోలేదు గానీ, పేరు మాత్రం బాగుంది. కొత్తలో బండి కూడా బాగానే ఉండేది. ఏసీ వేస్తే వెనక సీట్లో బాలింతలు దుప్పటి అడిగేవారు. డ్రైవర్ సైదులు ఆ మాట చెబితే ఇప్పటి నర్సులు కిసుక్కున నవ్వుతారు. బండికి వయసు మీద పడింది. మీట తిప్పితే గాలి వస్తుంది, కానీ అది అన్నం వార్చేటప్పుడు మొహానికి కొట్టే ఆవిరి లాంటి గాలి.

పల్నాడు ఎండల సంగతి వేరే చెప్పాలా! నాపరాళ్ళ నేల, చెట్టు నీడ కూడా మండిపోతుంది. పోయిన ఎండాకాలం సైదులు ఒక తల్లినీ బిడ్డనీ దింపేసరికి ఆ పసిగుడ్డు ఒళ్ళు పేలిపోతోంది. అమ్మమ్మ బిడ్డను చేతుల్లోకి తీసుకుని చూసి, "పల్లకంటరా దీన్ని? పెనం! నా మనవడ్ని కాల్చి తెచ్చావు గదరా!" అని వీధంతా వినపడేలా తిట్టిపోసింది. ఆ బిడ్డ మళ్ళీ ఆసుపత్రికే వచ్చాడు, నాలుగు రోజులకు తేరుకున్నాడు. సైదులు మాత్రం తేరుకోలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో అతణ్ణి ఎందరో తిట్టారు గానీ, ఆ ముసలమ్మ తిట్టు ఒక్కటే గుండెలో ములుకై కూర్చుంది.

దానికి తోడు ఆ వానల్లో సైదులు కూతురు కోటేశ్వరికి నెల తప్పింది. పురుడు సరిగ్గా నడి వేసవిలో వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకురావడానికి వెళ్ళినప్పుడు, వియ్యపురాలు మజ్జిగ చేతికిస్తూ, "ఎండల్లో పురుడు. బిడ్డను ఏ ఆటోలో ఏసి తీసకపోతారో ఏమో" అని దీర్ఘం తీసింది. సైదులుకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"నా బండుండగా ఆటోలేంది చెల్లెమ్మా! నా బిడ్డనూ, నా బిడ్డ బిడ్డనూ ఏసీలో ఇంటికి తెచ్చుకుంటా. వణికితే దుప్పటి కప్పుతా" అన్నాడు.

నోరు జారాక వెనక్కి తీసుకోవడం ఉండదు గదా! మర్నాడే బండిని మెకానిక్ మస్తాన్‌వలి దగ్గరికి తోలుకెళ్ళాడు. మస్తాన్‌వలి మాటకారి. చెయ్యి పెట్టకముందే చెప్పేస్తాడు. మొదట కంప్రెసర్ పోయిందన్నాడు. టీ తాగాక బెల్టు లూజన్నాడు. పాన్ నమిలాక, "గ్యాసు యాడో కారతందన్నా. బండి పూటంతా నా కాడ వదిలెయ్, పట్టుకుంటా" అన్నాడు. ప్రభుత్వ బండిని పూటంతా వదలాలంటే పైనుంచి అనుమతి కావాలి. అదిగో, అక్కడ మొదలైంది సైదులు తిరుగుడు.

పైన ఉన్నది తల్లీబిడ్డల ప్రయాణ సౌఖ్య విభాగం. దానికి సమన్వయాధికారి చిదానందం గారు. ఆయన గది ఎప్పుడూ గుహలా చల్లగా ఉండేది. మంచివాడు, ఎవరినీ కసురుకోడు. ఎదుటివాడి గొంతు కోసేటప్పుడు కూడా మెత్తగా, గ్రాంథికంగా కోస్తాడు.

"ఏసీ పనిచేయడం లేదని విన్నవించుకున్నావు. ఇది నీ అభిప్రాయమా? నిర్ధారిత వాస్తవమా?"

"లోపల కూకుంటే చెమటలు గారతన్నయ్ సార్."

"చెమట వ్యక్తిగత విషయం. ఒకరికి పడుతుంది, ఒకరికి పట్టదు." చిదానందం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పైగా ఇది వయోభారం చెందిన వాహనం. అటువంటి వాహనాలలో సౌఖ్య సంబంధమైన భాగాలకు మరమ్మతు నిషిద్ధం."

"అయితే కొత్త బండన్నా ఇప్పియ్యండి సార్."

"అన్ని భాగాలూ సక్రమంగా ఉన్నట్టు రికార్డులో ఉన్న వాహనాన్ని మార్చడం దుర్వినియోగం అవుతుంది."

"సక్రమంగా లేదనే గదా సార్ నేను మొత్తుకునేది?"

"అది విచారణలో తేలవలసిన అంశం. విచారణ తేలేదాకా సదరు ఏసీని ఎవరూ ముట్టరాదు."

ముట్టరాదంటే నోటిమాటతో పోయింది కాదు. సాయంత్రానికి ఆఫీసు వాళ్ళు వచ్చి ఏసీ మీటకు గుడ్డపేలిక చుట్టి, కొవ్వొత్తి మీద ఎర్ర లక్క కరిగించి పోసి, విభాగం ముద్ర గుద్ది వెళ్ళారు. సొంత ఖర్చుతో గుట్టుచప్పుడు కాకుండా బాగు చేయించుకుందామని అనుకున్న సైదులు నోట్లో పచ్చివెలక్కాయ పడింది.

విచారణకు భవనాల ఇంజనీరు గారు వచ్చారు. ఆయన బండి చుట్టూ తిరిగి, టాపు మీద చెయ్యి పెట్టి, అబ్బా అని తీసేసి, కారణం కనిపెట్టారు. వాహనం ఎండలో నిలబడుతోంది కాబట్టే ఏసీకి శ్రమ ఎక్కువైంది. కనుక షెడ్డు వెయ్యాలి. రేకుల షెడ్డు వేడెక్కుతుంది కనుక లోపల సీలింగు కొట్టాలి. సీలింగు కొట్టినా పల్నాడు పల్నాడే కనుక షెడ్డుకు ఏసీలు పెట్టాలి. బండి ఏసీకి పైసా ఖర్చు పెట్టకూడదన్న నిబంధన షెడ్డు ఏసీకి వర్తించదు. షెడ్డు భవనం. భవనాల పద్దులో డబ్బు మార్చి నెలాఖరుకు మురిగిపోబోతోంది. ఇంకేం! రోగులకు మరుగుదొడ్డి కట్టడానికి మూడు ప్రభుత్వాలు మారిన ఆ ఆవరణలో, బండికి షెడ్డు నెల తిరక్కుండా లేచి నిలబడింది. షట్టరు, నేలకు పాలరాయి, గోడకు రెండు పెద్ద ఏసీలు. జనం ముక్కున వేలేసుకున్నారు.

ప్రారంభోత్సవం రోజున చిదానందం గారు రిబ్బను కత్తిరించి, పళ్ళెంలో పెట్టి తెచ్చిన థర్మామీటరు తీసుకుని బండిలో కూర్చున్నారు. కాసేపటికి తల బయటపెట్టారు.

"సైదులూ, వాహనం లోపల చల్లగా ఉన్నదా, లేదా?"

"షెడ్డంతా చల్లగుంటే బండిలో ఉండదా సార్..."

"అడిగినదానికి సమాధానం. ఉన్నదా, లేదా?"

"ఉంది సార్."

"వ్రాసుకోండి. ఫిర్యాదుదారుడే సంతృప్తి వ్యక్తం చేశాడు. ఫిర్యాదు పరిష్కృతం."

అందరూ చప్పట్లు కొట్టారు. సైదులు కూడా నాలుగు చప్పట్లు కొట్టి, చేతుల వంక చూసుకుని ఆపేశాడు. తన నోటితోనే తన ఫిర్యాదుకు నీళ్ళొదిలానని అర్థమయ్యేసరికి జనం లడ్డూలు తింటున్నారు.

అయినా పట్టు విడవలేదు. వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళి, "సార్, షెడ్డులో చల్లంగనే ఉంటంది. రోడ్డెక్కి రెండో మలుపు తిరిగేసరికి మళ్ళీ పెనమే" అని మొరపెట్టుకున్నాడు.

చిదానందం గారు ఆ మాటను కాగితం మీద రాసుకున్నారు. మొహం వికసించింది.

"అంటే నిలబడి ఉన్నంతసేపూ చల్లగా ఉండి, కదిలిన పిమ్మట వేడెక్కుతున్నది. కాబట్టి దోషం ఏసీది కాదయ్యా. కదలికది!"

ఆ రాత్రి ఆయన పథకం మార్గదర్శకాలు ముందేసుకుని కూర్చున్నారు. ప్రయాణమనగా లబ్ధిదారు వాహనంలో ఆసీనురాలై గడిపిన కాలము, అని ఉంది. వాహనం కదలాలని ఎక్కడా లేదు. రాసినవాళ్ళకు ఆ అనుమానం వచ్చి ఉండదు, పాపం.

అలా కొత్త పద్ధతి మొదలైంది. బాలింతను షెడ్డులోకి తీసుకొచ్చి బండెక్కిస్తారు. ఊరికి ఎంతసేపు పడుతుందో అంతసేపు కూర్చోబెడతారు. దగ్గరూరి వాళ్ళకు పావుగంట, అడవి అంచున తండాల వాళ్ళకు రెండు గంటలు. డ్రైవరు తన సీట్లో బెల్టు పెట్టుకుని, స్టీరింగు పట్టుకుని కూర్చోవాలి. మలుపులొచ్చే చోట హారన్ కొట్టవచ్చు. సమయం కాగానే ఊరి పేరు చెప్పి, "దిగండి, ఊరొచ్చింది" అనాలి. అందరూ దిగి, ఆసుపత్రి గేటు ముందు ఆటో మాట్లాడుకుని ఎండలో ఇంటికి పోతారు. ఆ పోవడం పథకం పరిధిలోకి రాదు.

మొదటి రోజు ఒక అవ్వ దిగి షెడ్డు నాలుగు గోడలూ చూసింది.

"ఊరొచ్చిందంటివి గదయ్యా, ఏదీ?"

సైదులు స్టీరింగు తుడవసాగాడు. పక్కనే కాగితాలు పట్టుకుని ఉన్న గుమాస్తా మాత్రం తడుముకోకుండా, "చల్లగా ఉందా లేదా అవ్వా?" అన్నాడు. "చల్లగా అయితే ఉంది" అంది అవ్వ. గుమాస్తా టిక్కు పెట్టుకున్నాడు.

పద్ధతి మహా జయప్రదమైంది. డీజిలు ఖర్చు లేదు, టైర్లు అరగవు, ప్రమాదాలు అసలే లేవు. ప్రమాదరహితంగా నడుపుతున్నందుకు జిల్లాలో ఉత్తమ డ్రైవరని సైదులుకు శాలువా కప్పారు. ప్రయాణికులకు విసుగు పుట్టకుండా అద్దానికి ఎదురుగా గోడ మీద రోడ్డు బొమ్మ వేయించారు. అటూ ఇటూ మిరప చేలు, దూరంగా ఒక మైలురాయి. పక్క జిల్లాల అధికారులు తండోపతండాలుగా వచ్చి, బండెక్కి, కదలకుండా పోయి, కదలకుండా వచ్చి, ఎంతో నేర్చుకున్నామని రాసి వెళ్ళారు.

ఈలోపు చిదానందం గారి గదిలో ఏసీ చెడిపోయింది. దాన్ని బాగు చేయించబోతే అదీ వయోభారం చెందిందని తేలింది. నిబంధన అందరికీ ఒకటే గదా. ఆయన ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా ఫైళ్ళు చంకన పెట్టుకుని వచ్చి బండి మధ్య సీట్లో మకాం వేశారు. అప్పటినుంచి బాలింతలు వెనక సీట్లోనూ, విభాగం మధ్య సీట్లోనూ ప్రయాణం చేస్తున్నారు.

మరి సైదులు సంగతేమిటంటారా? ఉన్నమాట చెప్పాలి. బయట నిప్పులు కురుస్తుంటే చల్లటి షెడ్డులో కూర్చుని జీతం తీసుకోవడం అతనికి కొంత అలవాటైపోయింది. కునుకు కూడా తీసేవాడు. కానీ ఇంటికెళితే భార్య ఆదెమ్మ ఉంది.

"ఏవయ్యా, మీ బండి కదలదంట గదా! ఊరంతా కథలు కథలుగా చెప్పుకుంటన్నారు. గడప దాటని పిల్లేమో మా నాన్న ఏసీ బాగు చేయించాడని అత్తకు ఫోన్లో చెప్తంది. నువ్వేమో శాలువా మడత పెట్టుకుంటన్నావు."

"చేయిస్తాలేవే."

"ఎప్పుడు? ఆ బిడ్డ పెళ్ళికా?"

సైదులుకు కోపం వచ్చింది. ఆదెమ్మ మీద కాదు. శాలువా తీసి బీరువా కింద అరలో కుక్కాడు, సరిగ్గా నిద్ర పోలేదు.

మే నెల రోహిణి ఎండల్లో కోటేశ్వరి ఆడపిల్లను కన్నది. పిల్ల కాస్త బరువు తక్కువ. ఎండ తగలనివ్వకండి, నోరు ఎండనివ్వకండి అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. ఇంటికి పంపిన రోజున వడగాడ్పు ఎలా ఉందంటే, గేటు ముందు ఆటోవాళ్ళు కూడా సీట్ల మీద తడిగుడ్డలు పరుచుకున్నారు. కోటేశ్వరి బిడ్డను గుండెలకు హత్తుకుని షెడ్డులోకి అడుగు పెట్టింది. చల్లగాలి తగలగానే మొహం వెలిగిపోయింది.

"నాన్నా! నిజంగనే బాగు చేయించావు! అత్త నమ్మలేదు తెలుసా?"

సైదులు బండి తలుపు తీసి పట్టుకున్నాడు. తల ఊపాడు. ఊపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్య సీట్లో చిదానందం గారు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. "రా తల్లీ, రా. మీ ఊరు ఊటపాలెమే కదా? గంట ప్రయాణం. సైదులూ, ప్రారంభించు."

సైదులు బెల్టు పెట్టుకున్నాడు. స్టీరింగు పట్టుకున్నాడు. ఎదురుగా గోడ మీద రోడ్డు. వెనకనుంచి బిడ్డ చప్పరించుకునే చప్పుడు, చిదానందం గారి కలం గీకుడు. కోటేశ్వరి కాన్పు అలసటకు కూర్చున్నపాటునే నిద్రపోయింది. గంట కావస్తుండగా ఉలిక్కిపడి లేచి, అద్దంలోంచి ఎదురుగా ఉన్న మిరప చేలను నిద్రమత్తుతో చూసింది.

"ఇంకా ఎంత దూరం నాన్నా?"

ఆ ప్రశ్న ఎంతోమంది బాలింతలు అడిగారు. ఎంతోమందికి అతను హారన్ కొట్టి ఊరుకున్నాడు. ఇప్పుడు చెయ్యి హారన్ మీదికి పోలేదు.

చిదానందం గారు గడియారం చూసుకుని గొంతు సవరించుకున్నారు. "సైదులూ, ఊటపాలెం."

దిగండి, ఊరొచ్చింది అనాలి. సైదులు వెనక్కి తిరిగి చూశాడు. పిల్ల పిడికిలంత మొహం. నుదుటిమీద కాటుక చుక్క. పోయినేడు ఆ ముసలమ్మ చేతుల్లో ఉన్న బిడ్డ కూడా సరిగ్గా ఇంతే. అతని ఒళ్ళంతా భగ్గుమంది. తాళం తిప్పాడు. వారాల తరబడి నిద్రపోయిన ఇంజను రెండుసార్లు దగ్గి, అందుకుంది.

"ఏమిటా శబ్దం?" అన్నారు చిదానందం గారు.

"ఇంజను సార్."

"దానికిప్పుడేం పని?"

"ఊరికి పోదామని సార్."

దిగే వేళయిందని కాపలా మనిషి షట్టరు ఎత్తి టీకి పోయాడు. బండి గోడమీది రోడ్డుకు వీపు తిప్పి, వెనక్కి వెనక్కి జరిగి, ఎండలో పడింది. చిదానందం గారు ఫైళ్ళు రెండు చేతులా పట్టుకుని, "ఆపవయ్యా! ముందస్తు అనుమతి లేకుండా నేను ఈ ఊరి పొలిమేర దాటకూడదు! ఆపు!" అని కేకలు పెట్టారు. సైదులు గేటు దగ్గర మర్యాదగా ఆపి, తలుపు తీసి, ఆయన్ని నీడ చూసి మరీ దింపాడు.

"నాన్నా, ఏంది ఇదంతా? బండి ఇప్పటిదాకా..." అంది కోటేశ్వరి.

"కదల్లేదమ్మా. నీకు అబద్ధం చెప్పా. ఏసీ కూడా బాగుపడలేదు" అన్నాడు సైదులు. చెప్పి గేరు మార్చాడు. "ఆ చీర చెంగు తడిపి బిడ్డకు నీడ పట్టు. ఊరి చివర మస్తాన్ కొట్టు కాడ ఆపుతా."

రెండో మలుపు తిరిగేసరికి బండి మామూలే, పెనం. కానీ ఒక వింత జరిగింది. ఏసీ మీట మీది లక్క సీలు, ఇన్నాళ్ళూ చల్లటి షెడ్డులో రాయిలా ఉన్నది, ఈ ఎండకు మెత్తబడి, జారి, ముద్రతో, గుడ్డపేలికతో సహా సైదులు చెప్పు మీద పడింది. మీట విడుదలైంది.

మస్తాన్‌వలి చూసి, "కంప్రెసరే అన్నా, నే చెప్తన్నా గదా" అంటూనే మొదలుపెట్టాడు. అతని భార్య తల్లీబిడ్డల్ని ఇంట్లోకి తీసుకెళ్ళి కూలరు ముందు కూర్చోబెట్టింది. మస్తాన్ గొట్టాల మీద సబ్బు నురగ పూసుకుంటూ పోతే, ముందు చక్రం వెనక ఒక అతుకు దగ్గర నురగ బుడగలు తేలింది. లోపల రబ్బరు రింగు ఎండి పగిలిపోయి ఉంది, అంతే. కొత్తది వేసి, గొట్టాల్లో గాలి లాగేసి, గ్యాసు ఎక్కించాడు. సైదులు మీట తిప్పి, అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. చేతికి చల్లదనం తగిలింది. అది షెడ్డుది కాదు, బండిది. వెధవ కన్నీళ్ళు ఆగలేదు.

ఊటపాలెంలో ఆదెమ్మ ఎర్రనీళ్ళతో గుమ్మంలో సిద్ధంగా ఉంది. వియ్యపురాలు కూడా వచ్చి ఉంది. బండి తలుపు తీసి లోపలికి తల పెట్టి, చల్లగా తగిలేసరికి వెనక్కి తగ్గి, "అయ్యో, పిల్లకు జలుబు చేస్తది. దుప్పటన్నా తేలేదా అన్నయ్యగారూ?" అంది. సైదులు జీవితంలో ఎవరి ఎత్తిపొడుపుకూ అంత సంబరపడలేదు.

మూడో రోజున సంజాయిషీ మెమో వచ్చింది. కోటేశ్వరి బిడ్డను ఒళ్ళో వేసుకుని తండ్రికి చదివి వినిపించింది. ప్రయాణం మధ్యలో వాహనాన్ని కదిలించి, ప్రయాణానికి భంగం కలిగించావు. లక్క కరిగే వాతావరణంలోకి సీలును తీసుకుపోయావు. విచారణలో ఉన్న ఏసీ చేత అనుమతి లేకుండా పని చేయించావు. ఇందువల్ల విభాగానికి కలిగిన నష్టాన్ని సరిచేయడానికి, సదరు ఏసీని పూర్వస్థితికి తీసుకురావలసిందిగా ఆదేశాలు జారీ అయ్యాయి. అది మరమ్మతు కాదు గనుక నిధులు వెంటనే మంజూరయ్యాయి. ప్రయాణాన్ని మధ్యలో ఎందుకు ఆపవలసి వచ్చిందో వారంలోగా తెలుపుము.

కోటేశ్వరి పడీ పడీ నవ్వింది. సైదులు నవ్వలేదు. ఉద్యోగం ఊడుతుందని తెలుసు. అయినా కాగితం, కలం కూతురి ముందుకు జరిపాడు.

"రాయమ్మా. నేను ప్రయాణం మధ్యలో ఆపలేదు. ఇంటి కాడ ఆపా. అంతే రాయి."

అంతే రాసింది. నెల తిరిగాక దానికి జవాబు వచ్చింది, సస్పెన్షన్ ఉత్తర్వుతో కలిపి. ఫిర్యాదుదారుని వివరణ పరిశీలించడమైనది, సంతృప్తికరంగా లేదు, అని చిదానందం గారు ఎప్పటిలాగే మెత్తగా రాశారు. ప్రయాణమనగా ఏమిటో మార్గదర్శకాలలో విపులంగా ఉన్నది. ఎంత వెతికినా అందులో ఇల్లు అన్న మాట కనిపించలేదు.